ఈకలో లేని గీత: పక్షుల ఫోటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదికను మీ ముందుంచుతున్నాను. నెలకో తెల్లవారుజామున ఫోటో నడక, నెలాఖరున ఎడిటింగ్ తరగతి, ఏడాది చివర ప్రదర్శన పెట్టుకోవాలనుకున్నాం. వానకు ఆగిపోయిన నడకలు తప్ప మిగతావన్నీ జరిగాయి.

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా అడిగింది లెన్స్ గురించే. మేం మాత్రం ముందు నేల మీద పడుకోవడం నేర్పాం. గట్టు మీద నిలబడి తీస్తే బాతు వెనక నీళ్లే కనిపిస్తాయి. దాని కంటి ఎత్తుకు దిగితే వెనకున్నదంతా దూరమై మసకబారుతుంది, పక్షి విడిగా తేలుతుంది. ఎగిరే పక్షికి 1/2000 సెకను షట్టర్‌తో మొదలుపెట్టమన్నాం. చీకటి నీడ ముందు నిలబడ్డ తెల్ల కొంగకు ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) తగ్గించడం, వెలుగున్న ఆకాశంలో గద్దకు పెంచడం చాలామందికి ఇప్పుడు చేతికొచ్చింది. కొంగ మెడ పూర్తిగా తెల్లబారిపోతే అక్కడి ఈకల వివరం ఫైల్‌లోనే ఉండదు, ఇంటికొచ్చి ఎంత కూర్చున్నా తిరిగిరాదు. ఎండెక్కాక నేల మీది వేడిగాలి అలల్లా కదులుతుంది, దూరాన ఉన్న పక్షి ఏ లెన్స్‌లోనైనా మసకగానే పడుతుంది. అందుకే మన నడకలన్నీ ఎండ ముదరకముందే ముగించాం.

ఈ ఏడాది మనకు ఎక్కువ పాఠాలు చెప్పింది ఎడిటింగ్ తరగతులు. రా ఫైల్, అంటే కెమెరా సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టే దాచే ఫైల్, ఎందుకు తీయాలో మొదటి తరగతిలో చూశాం. మామూలుగా పంచుకునే జెపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. రెక్క కింద నీడను కాస్త పైకి తేవాలంటే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. క్రాప్ సంగతి కూడా లెక్కతోనే చెప్పాం: పొడవు, వెడల్పు సగానికి సగం కోస్తే 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో మిగిలేది 6. పక్షికి దగ్గరయ్యే ఓపిక లేక క్రాప్ మీద ఆధారపడేవాళ్లకు ఆ లెక్క గట్టిగానే తగిలింది.

ఒక తరగతిలో మన సభ్యుడొకరు చీకట్లో, కెమెరా సున్నితత్వాన్ని (ఐఎస్‌ఓ) 12,800కి పెంచి తీసిన గుడ్లగూబను చూపించారు. నాయిస్ (చీకటి ఫోటోల్లో పడే చుక్కల గరుకు) తీసేసే ఏఐ సాఫ్ట్‌వేర్ పని పూర్తయ్యాక రొమ్ము మీద సన్నని గీతలు వరసగా, ముచ్చటగా కనిపించాయి. అందరం చప్పట్లు కొట్టాం. పక్షుల జాతులను ఏళ్లుగా గుర్తిస్తున్న పెద్దాయన ఒకరు మాత్రం, "ఈ జాతికి గీతలు ఇలా ఉండవమ్మా, ఒకసారి రా ఫైల్ తెరవండి" అన్నారు. తెరిచి నూరు శాతానికి పెద్దది చేసి చూస్తే అక్కడ గీతలు లేవు, ఇసక రాలినట్టు నాయిస్ మాత్రమే ఉంది. ఈకల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీసింది. ఆ సభ్యుడు నొచ్చుకోకుండా, స్లైడర్ సగానికి తగ్గించి మళ్లీ చేశారు. కొంత గరుకు మిగిలింది, పక్షి పక్షిలాగే ఉంది. నాకు ఆ రెండో ఫోటోయే ఇష్టం. ఆ రోజు నుంచి ఎడిట్ చేసిన ప్రతి ఫోటోనూ రా ఫైల్ పక్కన పెట్టి చూడటం మన తరగతుల్లో అలవాటైంది.

రంగుల విషయమూ అంతే. లకుముకి పిట్ట నీలం రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల వస్తుంది. వెలుగును బట్టి అది మారుతూ కనిపిస్తుంది. శాచురేషన్ (రంగుల గాఢత) బాగా పెంచేస్తే ఆ మార్పులన్నీ ఒకే నీలంలో కలిసిపోతాయి.

అడ్డొచ్చిన కొమ్మను చెరిపేయొచ్చా అన్నదాని మీద వాదన గట్టిగానే జరిగింది. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు తీయొచ్చు, కొమ్మ తీయకూడదు అని ఎక్కువమంది తేల్చారు. నా అభిప్రాయమూ అదే. ఒక అడుగు పక్కకు వేసి తీయగలిగినదాన్ని ఇంటికొచ్చి చెరపడం నాకు నచ్చదు.

గూళ్ల ఫోటోలు ప్రదర్శనకు తీసుకోలేదు. గూటికి అడ్డమున్న ఆకులు పక్కకు జరిపితే అది మనకే కాదు, కాకికీ కనిపిస్తుంది. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్ 1937లో గూటి దగ్గర గుడ్లగూబ దాడిలో ఒక కన్ను పోగొట్టుకున్నారు. తల్లి పక్షి ఎంత భయపడితే అంత తెగిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించడం కూడా మన నడకల్లో ఆపేశాం. అరుదైన పక్షుల ఫోటోల నుంచి జీపీఎస్ వివరాలు తీసేసిన తర్వాతే పంచుకోవాలని మరోసారి కోరుతున్నాను.

ప్రదర్శనకు వేయించిన నమూనా ప్రింట్లు మొదట చాలా నల్లగా వచ్చాయి, అందరికీ టెన్షన్ పట్టుకుంది. తప్పు ప్రింటర్‌ది కాదు. మన మానిటర్ల వెలుగు మరీ ఎక్కువగా ఉండటంతో ఫోటోలను తెలియకుండానే చీకటిగా ఎడిట్ చేశాం. వెలుగు తగ్గించి, మానిటర్లను కాలిబ్రేట్ చేసి (రంగులు, వెలుగు సరిగ్గా చూపేలా సరిదిద్ది) మళ్లీ వేయిస్తే సరిపోయాయి. హార్డ్‌డిస్క్ పాడై ఒక సభ్యురాలి ఏడాది ఫోటోలు పోయాయి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి ఇంటి బయట అన్న పద్ధతిని దయచేసి అందరూ పాటించండి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు.

వచ్చే ప్రదర్శనలో ప్రతి ఫోటో పక్కనా దాని ఒరిజినల్‌ను చిన్న ప్రింటుగా పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. సర్వసభ్య సమావేశంలో దీని మీద ఓటింగ్ ఉంటుంది. వచ్చేటప్పుడు ఎడిట్ చేయని ఫైల్ ఒకటి వెంట తెచ్చుకోండి, చూసుకుంటూ మాట్లాడుకుందాం.

కార్యదర్శి