న్సాంజే సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలకు నమస్కారం. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను తర్వాత, ఆఫ్రికాలోని మలావీ దేశపు దక్షిణపు కొసన ఉన్న న్సాంజే జిల్లా కోసం, ఆ దేశపు నగరం బ్లాంటైర్‌లోని మన తెలుగు కుటుంబాలు ఇచ్చిన సొమ్ముకు లెక్క ఇది.

జమ: అక్టోబరు నాటికి 38 కుటుంబాల నుంచి 36,00,000 క్వాచాలు (మలావీ కరెన్సీ). డిసెంబరులో మరో 9,40,000. మొత్తం 45,40,000.

ఖర్చు: మొక్కజొన్న 40 బస్తాలు, బస్తా 46,000 చొప్పున 18,40,000. కాలితో తొక్కే నీటి పంపులు ఏడింటికి 11,20,000. జొన్న విత్తనాలు, చిలగడదుంప తీగలు 3,85,000. లారీ రెండు ట్రిప్పులకు 4,80,000. హమాలీలకు 62,000. మొత్తం 38,87,000. నిల్వ 6,53,000.

పది పంపులన్నారు, ఏడే కొన్నారేమని చాలామంది అడిగారు. అక్టోబరులో ఒక్కోటి 1,05,000 చెప్పారు. గింజలు ముందా, పంపులు ముందా అని మేము రెండు సమావేశాలు వాదులాడుకున్నాం. ఇంతలో నవంబరు 9న మలావీ రిజర్వ్ బ్యాంకు క్వాచా విలువ తగ్గించింది. డాలరు 1,180 నుంచి 1,700కు చేరింది. పంపులు దిగుమతి సరుకు, ధర 1,60,000 అయింది. పదింటికి సరిపోయే డబ్బుకు మించి ఇచ్చి ఏడు తెచ్చాం. తప్పు మాదే.

అసలు పంపులెందుకన్నవారికి: షిరే నది వరద తీశాక తడి మిగిలే 'దింబా' మళ్లలో అక్కడివారు ఎండాకాలపు పంట వేస్తారు. గోదావరి లంకల్లో పెరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఏటా ముంచే నదే ఒండ్రూ ఇస్తుంది, అందుకే ఆ నేల వదలరు. వానపంట పోతే నవంబరు నుంచి మార్చి దాకా ఆకలి నెలలు. 'గన్యు' అనే రోజుకూలీ కూడా దొరకనప్పుడు, మొసళ్లున్న నీళ్లలో దిగి 'న్యీకా' అనే కలువ దుంపలు తవ్వుకుంటారు. మా వాదులాటల్లో ఈ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

లారీ బాడుగ ఎక్కువన్న మాట నిజమే, డీజిలు ధర కూడా పెరిగింది. న్సాంజేలో 2010లో ఆర్భాటంగా ప్రారంభించిన నదీరేవు ఉంది. మొజాంబిక్ మీదుగా సముద్రానికి పోవలసిన ఆ దారిలో సరుకు ఓడలు నడవలేదు. మన బస్తాలు రోడ్డు మీదే వెళ్లాయి.

దారిలో టైరు పంక్చర్లకు అయిన 18,000కు రసీదు లేదు. దాన్ని నిధికి రాయకుండా సభ్యులమే పంచుకున్నాం.

2024 మార్చిలో 28 జిల్లాలకు 23లో కరవు విపత్తు ప్రకటించారు కాబట్టి నిల్వ సొమ్ముతో దింబా మళ్లకు విత్తనాలు ఈ నెలలోనే కొంటాం. ఈసారి సమావేశం లేదు. ఇద్దరు సభ్యులు వెళ్లి కొనుక్కొస్తారు, రసీదులు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు.