బైపోలార్‌కు కొత్త రక్తపరీక్ష సంగతి తరవాత, ముందు లిథియం పరీక్ష ఇప్పించండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

కొన్నాళ్లు మితిమీరిన హుషారు (మానియా), కొన్నాళ్లు తీవ్రమైన దిగులు (డిప్రెషన్) వచ్చే బైపోలార్ జబ్బును ఒక్క రక్తపు చుక్కతో పట్టేసే పరీక్ష వచ్చేసిందన్న మాట ఈమధ్య ఫోన్లలో బాగా తిరుగుతోంది. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో ఇంట్లో ఈ జబ్బు మనిషి ఉన్నవాళ్లు అది విని ఆశపడుతున్నారు. ఆ ఆశ మీద ఎవరైనా ప్యాకేజీ పేరుతో డబ్బు గుంజకముందే అసలు విషయం నలుగురికీ తెలియాలి. మనకు ముందు కావలసింది ఈ జబ్బుకు వాడే లిథియం మందు రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష.

2023 అక్టోబరులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వారి పరిశోధన ఒకటి జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. డిప్రెషన్ అని మందులు వాడుతున్నవారిలో నిజానికి బైపోలార్ ఎవరికుందో తేల్చడం దాని ఉద్దేశం. వేలికొస నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తంలో 600కు పైగా జీవరసాయనాలను కొలిచి, అందులోంచి 17 పనికొస్తాయన్నారు. సెరమైడ్లనే కొవ్వు పదార్థాలకు జబ్బుతో గట్టి సంబంధం కనిపించింది. అయితే రక్తపరీక్ష ఒక్కదానితో గుర్తించగలిగింది బైపోలార్ ఉన్నవారిలో 30 శాతం వరకే. రోగి నింపిన ప్రశ్నావళి తోడైతేనే ఫలితం మెరుగైంది. మంచి పరిశోధనే, కాదనను. బైపోలార్ రోగికి డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే మానియాలోకి దూకే ప్రమాదం ఉంది కాబట్టి ఇలాంటి పరీక్ష అవసరం కూడా. కానీ డాక్టరు దాన్ని నమ్మి మందు మార్చే దశ ఇంకా రాలేదు.

మెదడు కణాలకు తోడ్పడే ప్రొటీన్ బీడీఎన్‌ఎఫ్, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 వంటివాటి రక్తపరీక్షలూ అంతే. బీడీఎన్‌ఎఫ్ మామూలు డిప్రెషన్‌లోనూ తగ్గుతుంది, స్కిజోఫ్రీనియాలోనూ తగ్గుతుంది. సీఆర్‌పీ మలేరియాకు, కాలి పుండుకు, చిగుళ్ల వాపుకు కూడా పెరుగుతుంది. వానాకాలమంతా జ్వరాలతో మూలిగే మన ఏజెన్సీ ఊళ్లలో ఆ అంకె చూసి మనసు జబ్బు పెరిగిందో తగ్గిందో చెప్పడం కుదరదు. ఇవాళ్టికీ ఈ జబ్బును తేల్చేది రోగి చరిత్రే. వారం పాటు నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, ఆగని మాటలు, ఎడాపెడా ఖర్చులు, అంతకుముందెప్పుడో నెలల తరబడి మంచం దిగకపోవడం, ఇవన్నీ ఇంట్లోవాళ్లు విడమరిచి చెప్పాలి. మొదటిసారి రాసే రక్తపరీక్షలు వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి. వాటిలో థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ ముఖ్యం. థైరాయిడ్ మందగిస్తే డిప్రెషన్‌లా, మితిమీరితే మానియాలా కనిపించవచ్చు.

ఇక బైపోలార్ చికిత్సలో ప్రాణాన్ని కాపాడే రక్తపరీక్ష ఒకటి ఎప్పటినుంచో ఉంది. అది రక్తంలో లిథియం పరీక్ష. 1949లో జాన్ కేడ్ మానియాకు పనిచేస్తుందని చూపిన ఈ మందు ఇప్పటికీ మొదటి వరుసలోనే ఉంది. చిక్కల్లా ఒక్కటే, మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికి రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ (రిపోర్టులో రాసే కొలత) ఉంటే సాధారణంగా చాలు. మానియా తీవ్రంగా ఉన్నప్పుడు 1.0 దాకా ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు, 2 దాటితే ప్రాణాపాయం. మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజులకు ఒకసారి, స్థిరపడ్డాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తరవాత ఆరు నెలలకోసారైనా చూడాలి. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం పరీక్షలు కూడా ఆరు నెలలకోసారి చేయించాలి.

ఈ పరీక్ష చాలాచోట్ల రక్తం తీసే దగ్గరే చెడిపోతోంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. అరగంట అటూఇటూ అయినా పరవాలేదు. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పరగడుపున ఉండక్కర్లేదు, టిఫిన్ తినవచ్చు, పొద్దుటి మాత్ర మాత్రం రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. దూరం ఊరి నుంచి తొలి బస్సుకు వచ్చే రోగి అలవాటుగా మాత్ర మింగి బయలుదేరతాడు, మూడు గంటల తరవాత రక్తం ఇస్తాడు. రిపోర్టులో అంకె ఎక్కువొస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, కొన్నాళ్లకు మానియా తిరగబెడుతుంది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు మాత్రమే గుర్తొచ్చి మాత్రలు వేసుకునేవారి అంకె కూడా మోసమే.

రెండో తప్పు ట్యూబుది. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో చాలావాటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూసి ఉంటుంది. అందులో తీస్తే, ముఖ్యంగా ట్యూబు సగమే నిండితే, మందే వాడని మనిషి రక్తంలో కూడా లిథియం కనిపిస్తుంది. ఎర్రమూత ట్యూబులోనే తీసి, గడ్డకట్టాక ఆలస్యం చేయకుండా సీరం (గడ్డ పోగా మిగిలే ద్రవం) వేరు చేయాలి. వేరు చేసిన సీరం ఐస్ బాక్సులో మర్నాటిదాకా నిలుస్తుంది కాబట్టి గుణుపురంలో తీసిన నమూనాను జిల్లా కేంద్రానికి పంపడంలో ఇబ్బందేమీ లేదు. చీటీ మీద చివరి మాత్ర వేళ, రక్తం తీసిన వేళ రెండూ రాయకపోతే ఆ రిపోర్టుకు విలువ లేదు.

మన ప్రాంతానికి ఈ పరీక్ష మరీ అవసరం కావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఎండలో పొలం పని చేసి చెమటోడ్చినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, మలేరియా జ్వరంతో రెండు రోజులు నీళ్లు సరిగా తాగకపోయినా కిడ్నీ లిథియంను సరిగా బయటికి పంపదు. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, బీపీకి వాడే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, థయజైడ్ మాత్రలు కూడా లెవెల్ పెంచుతాయి. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ వాడుకోవచ్చు. బీపీ వచ్చిందని డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఉప్పు మానేయకూడదు. చోడి అంబలిలో రోజూ వేసుకునే ఉప్పు వేసుకుంటూ, నీళ్లు బాగా తాగాలి. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే) జబ్బున్నవారి కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. వారి ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది, అందుకే వారిలో మరింత జాగ్రత్త కావాలి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం, వాంతులు కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దాన్ని తాగుడని, గాలి అని అనుకుని ఇంట్లో ఉంచితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు.

2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. లిథియం జాతీయ జాబితాలో ఉంది. మందు ఇచ్చి పరీక్ష ఇవ్వకపోవడం ప్రమాదకరం. ఒడిశా ప్రభుత్వం నిదాన్ అనే ఉచిత పరీక్షల పథకం కింద ఈ పరీక్ష ఎక్కడెక్కడ ఉచితంగా చేస్తున్నారో ప్రతి ఆసుపత్రి గోడమీద రాయించాలి. లేనిచోట పెట్టడం పెద్ద ఖర్చు కాదు. సోడియం, పొటాషియం కొలిచే ఎలక్ట్రోలైట్ ఎనలైజర్లలో కొన్ని మోడళ్లకు లిథియంను కొలిచే ఎలక్ట్రోడ్, దాని కొలత సరిచూసే కాలిబ్రేషన్ ద్రావణం జతచేస్తే సరిపోతుంది. రోగులు తక్కువ, ఎలక్ట్రోడ్ గడువు దాటిపోతుందన్నది ల్యాబుల భయం. అందుకని జిల్లాకొక చోట యంత్రం పెట్టి, వారంలో ఒక రోజు నిర్ణయించి, ఆరోగ్య కేంద్రాల నుంచి సీరం అక్కడికి చేరేలా చేయాలి. 12 గంటల లెక్క, ఏ నొప్పిమాత్ర వద్దో, ఏ లక్షణానికి పరుగెత్తాలో రాసిన చిన్న కార్డు ఒడియాతో పాటు తెలుగులోనూ మందుతోనే ఇవ్వాలి. అంకె 1.2 దాటిన ప్రతి రిపోర్టునూ ల్యాబు అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలని ఉత్తర్వు వేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా