కుక్కపిల్లల బొమ్మలకు ప్రమాణాలేవి?

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో ఐదు నెలల నాటు కుక్కపిల్ల ఉంది. రెండు నెలల వయసులో తెచ్చుకున్నాం. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 16 వారాలు నిండేదాకా, పార్వో వంటి వ్యాధుల భయం ఉంటుంది కనుక దాన్ని వీధిలో తిప్పవద్దని పశువైద్యులు చెప్పారు. టీకాలు అయ్యేసరికి ఎండలు ముదిరాయి. విజయవాడ ఎండల్లో కాస్త పొద్దెక్కితే చాలు, తారురోడ్డు మీద దాని పాదాలు నిలవవు. ఇలా రోజంతా అపార్ట్‌మెంటులోనే ఉండిపోయే పిల్ల చెప్పులు, తలుపు అంచులు కొరుకుతుంటే కసురుకోవడం తప్ప వేరే దారి లేదనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. లోపల దాచిన తిండిని వాసన పట్టి, మూతితో నెట్టి, పంజాతో లాగి బయటికి తీసుకునేలా చేసే పజిల్ బొమ్మలు ఈ అవసరాన్ని నిజంగానే తీరుస్తాయి. అయితే వాటిలో ఏది కొనాలో, ఏది కొనకూడదో చెప్పే నాథుడు మార్కెట్లో లేడు.

అనుభవం మీదనే ఈ మాట రాస్తున్నాను. మేము మొదట కొన్నది జరిపే మూతలున్న ప్లాస్టిక్ పళ్లెం. డబ్బా మీద ధర, దిగుమతిదారు చిరునామా ఉన్నాయే గాని, అది ఎన్ని నెలల పిల్లకు, ఎంత బరువున్న కుక్కకు పనికొస్తుందో, ఏ ప్లాస్టిక్‌తో చేశారో ఒక్క ముక్క లేదు. మా పిల్ల రెండు మూతలను ముక్కుతో జరిపి లోపలి తిండి గుళికలు తిన్నది. మూడోది బిగుసుకుపోయింది. కాసేపు పంజాతో గీరి, కుయ్‌మని నా వైపు చూసి, చివరికి అంచును పళ్లతో పట్టి పెరికింది. నేను వంటింట్లోంచి వచ్చేలోగా బొటనవేలి గోరంత ముక్కను మింగేసింది. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో సరిగా కనబడదని, వాంతులు మొదలైనా తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మని డాక్టరుగారు చెప్పి పంపారు. రెండు రోజులు దాని మలం వెతుక్కుంటూ గడిపాం. మూడో రోజు ఉదయం ఆ ముక్క బయటపడితే గాని ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

బొమ్మ కొనేముందు మేము చూడవలసింది పిల్ల నోరు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. అవి నాలుగో నెల ప్రాంతంలో ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్లు సలుపుతూ ఉంటాయి కనుక ఏది దొరికితే దాన్ని కొరుకుతుంది. గట్టి ప్లాస్టిక్, ఎముకలు, కొమ్ములు ఇస్తే పళ్లు విరిగే ప్రమాదం ఉంది. వండిన ఎముకైతే చీలి పేగులకు గుచ్చుకోగలదు కూడా. డాక్టరుగారు చెప్పిన పరీక్ష చాలా సులువైనది: బొటనవేలి గోటితో బొమ్మను నొక్కితే కొంచెమైనా సొట్ట పడాలి, పడకపోతే అది ఆ పళ్లకు మరీ గట్టిదని అర్థం. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన 1970ల్లో, తన కుక్క రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటుంటే చూడలేక, పాత వ్యాను రబ్బరు భాగమొకటి దానికి నచ్చడం గమనించి, ఆ ఆకారంలోనే బోలు రబ్బరు బొమ్మ తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ‘కాంగ్’ అదే. అందులో కుక్కపిల్లల కోసం మెత్తని రబ్బరుతో చేసిన రకం వేరుగా దొరుకుతుంది. కొనేవారు ఈ తేడా అడిగి తీసుకోవాలి.

పరిమాణం కూడా అంతే ముఖ్యం. దవడ పళ్ల వెనక్కి జారిపోయేంత చిన్న బంతి గొంతుకు అడ్డం పడుతుంది. బోలు బొమ్మకు ఒకే రంధ్రం ఉంటే లోపలి గాలి పోయి శూన్యం ఏర్పడడం వల్ల నాలుక ఇరుక్కునే ప్రమాదముంది కనుక రెండు రంధ్రాలున్నదే కొనాలి. తాళ్లతో అల్లిన బొమ్మల పోగులు కడుపులోకి పోతే పేగులను ముడుచుకుపోయేలా చేస్తాయి. వాటిని పిల్లతో ఒంటరిగా వదలకూడదు.

ఇప్పుడు మా పిల్లకు పెరుగన్నంలో ఉడికించిన గుమ్మడి ముక్కలు కలిపి, ఉప్పు వేయకుండా, మెత్తని రబ్బరు బొమ్మలో కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే అరగంట సేపు ముందు కాళ్ల మధ్య పట్టుకుని నాకుతుంది. అది తిన్నంత మేరకు రాత్రి తిండి తగ్గిస్తాం. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషమని, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిసిన వేరుశనగ బటర్ ఇంకా ప్రమాదమని కూడా చాలామందికి తెలియదు. పాత తువ్వాలులో గుళికలు చల్లి వదులుగా చుట్టి ఇచ్చినా దానికి అంతే సంబరం. అందుకు పైసా ఖర్చు లేదు. మొదట చుట్ట విప్పడం తేలిగ్గా ఉండాలి. పిల్ల విసిగి మొరిగితే పని మరీ కష్టమైందని గ్రహించి సులువు చేయాలి. ఒక మడత అది నేర్చుకున్నాకనే మరో మడత వేయాలి. డబ్బా మీది చిత్రం చూసి పెద్ద కుక్కల పజిల్‌ను తెచ్చి ముందు పెట్టడం వల్లే మా పిల్ల పళ్లకు పని చెప్పింది.

మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ ఉత్తర్వు పరిధిలో పెంపుడు జంతువుల బొమ్మలు లేవు. పిల్లల బొమ్మ కనీసం పిల్లల చేతిలో ఉంటుంది. కుక్కపిల్ల బొమ్మ పూర్తిగా పళ్ల మధ్యనే ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ ఈ బొమ్మలకూ ప్రత్యేక ప్రమాణం రూపొందించాలని, అప్పటిదాకా వాటిని ఏ పదార్థంతో చేశారో, ఎన్ని నెలల వయసుకు, ఎంత బరువుకు పనికొస్తాయో డబ్బా మీద తెలుగులో కూడా ముద్రించేలా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ధర, దిగుమతిదారు చిరునామా వేస్తున్న చోటనే ఇంకో రెండు పంక్తులకు స్థలం ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ