మూడేళ్ల పిల్లకి ఇంటి చదువు: బల్లా వద్దు, ప్రింటౌట్లూ వద్దు

సంపాదకులకు,

అడ్మిషన్ల బ్యానర్లు కరెంటు స్తంభాలకి ఎక్కే రోజులొచ్చాయి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల క్రైస్తవ సంఘాల్లో, పిల్లల్ని ఎల్‌కేజీలో వేయకుండా ఇంట్లోనే చదివించుకుంటామనే తల్లిదండ్రులు ఈ మధ్య కనబడుతున్నారు. కొందరికి ఫీజు బరువు. కొందరికి పొద్దున్నే పసివాణ్ణి వ్యానులో కుక్కి పంపడానికి మనసొప్పదు. వాక్యం, అంటే బైబిలు బోధ, ఇంటి నుంచే మొదలవ్వాలన్న పట్టుదల మరికొందరిది. నిర్ణయంలో తప్పేమీ లేదు గాని, మొదలుపెట్టే తీరే బాగుండటం లేదు. అమెరికా క్రైస్తవ సిలబస్ ఏదో డౌన్‌లోడ్ చేస్తారు, వంద పేజీలు ప్రింటు తీయిస్తారు, తొమ్మిదింటికల్లా పిల్లని బల్ల ముందు కూర్చోబెడతారు. ఆ కాగితాల నిండా వారానికో ఇంగ్లిష్ అక్షరం, ఒక మంచు బొమ్మ. నెల తిరక్కుండానే పిల్ల బల్లని చూసి పారిపోతుంది, తల్లి ‘ఇక నా వల్ల కాదు’ అంటుంది.

ముందు చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి వర్తిస్తుంది. ఆరు నిండాక బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతోంది. అంతకు ముందు ఏ నిర్బంధమూ లేదు. అందుకే ఈ ఉత్తరం ఆరేళ్ల లోపు పిల్లల గురించే. ‘యూకేజీ చదవకపోతే ఒకటో తరగతిలో తీసుకోరు’ అనే భయం చాలామందికి ఉంది. పిల్లలకి గాని తల్లిదండ్రులకి గాని పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి వడపోయకూడదని అదే చట్టం 13వ సెక్షన్ అంటోంది. అయితే మనవాళ్లు గమనించని మెలిక ఒకటుంది. 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మైనారిటీ విద్యాసంస్థలకి ఈ చట్టం వర్తించదు. మిషన్ స్కూళ్లు చాలావరకు ఆ కోవలోవే. కాబట్టి ఒకటో తరగతికి మిషన్ స్కూలే కావాలనుకునేవారు అక్కడ వయసెంత అడుగుతారో, ఏం చూస్తారో ఏడాది ముందే కనుక్కోవాలి.

రెండో మెలిక పేరు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆసుపత్రి రిజిస్టరులో పేరు ఖాళీగా ఉండటం, ఆధార్‌లో ఇంటి పేరుతో ఒకలా, ప్రతిష్ఠ రోజున (బిడ్డని చర్చిలో దేవునికి సమర్పించే రోజు) పాస్టరు గారు పెట్టిన పేరు ఇంకోలా ఉండటం మనలో మామూలే. బిడ్డకి మూడేళ్లప్పుడే అన్నిచోట్లా ఒక్క పేరు, ఒక్క స్పెల్లింగు చేయించుకుంటే చివర్లో పరుగులు తప్పుతాయి.

ఇక చదువు. మూడేళ్ల బిడ్డ ఒక పని మీద కుదురుగా ఉండేది పది, పదిహేను నిమిషాలు. అలాంటివి రోజుకి మూడు చాలు: చద్దన్నం తిన్నాక ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతా పొద్దంతా ఆటే.

అందరూ తొందరపడేది రాత దగ్గరే. చూసి గీయడంలో పిల్లలకి మూడేళ్లప్పుడు సున్న వస్తుంది, నాలుగేళ్లకి కూడిక గుర్తు, ఐదేళ్ల దగ్గర్లో చతురస్రం, త్రిభుజం. ‘ర’ రాయాలంటేనే చక్కగా మూసిన సున్న, దాని మీద తలకట్టు కావాలి. అలాంటిది మూడేళ్లకే ‘అ’ దిద్దించబోతే ఆ మెలికలు తిప్పే బలం వేళ్లకి ఉండదు. బిడ్డ పిడికిలి బిగించి, మోచేత్తో రాస్తుంది. ఆ పట్టు అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం. ముందు వేళ్లకి పని చెప్పాలి: చిక్కుడుకాయలు ఒలవడం, వెల్లుల్లి రెబ్బలు విడదీయడం, బట్టలకి క్లిప్పులు పెట్టడం, పాత పేపరు చింపడం. కత్తెర ఆ తర్వాత. మొన లేనిది ఇచ్చి ముందు అంచులు కత్తిరించనివ్వాలి, నాలుగేళ్లు దాటాక గీత మీద. సుద్దముక్కని అంగుళం మేర విరిచి ఇవ్వండి. పొట్టిగా ఉంటే పిడికిట్లో పట్టదు, మూడు వేళ్లతోనే పట్టుకోవాలి. ఉపాయమంతా అంతే. బలపం కొరికి తినే బిడ్డని మాత్రం తిట్టి ఊరుకోకండి. రక్తం తక్కువైన పిల్లల్లో ఆ అలవాటు కనిపిస్తుంది, ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకి చూపించండి.

పిండి ముద్ద కొనక్కర్లేదు. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు. ముప్పావు గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా గట్టిగా కలపాలి. మన కోస్తా గాలిలో తేమకి ఉప్పు చెమ్మగిల్లి మర్నాటికే జిగురొస్తుంది. ఇంకాస్త పొడి మైదా కలిపి, మూత బిగుసుకునే డబ్బాలో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఆపైన పారేయాలి. అంత ఉప్పు కడుపులోకి వెళ్లడం మంచిది కాదు గనక, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే బిడ్డకి మామూలు చపాతీ ముద్దే ఇవ్వండి.

అక్షరాలకి ముందు శబ్దం. ‘మ’తో మామిడి, మంచం, మజ్జిగ, ఇంకేమిటి? నడుస్తూ, బట్టలు ఆరేస్తూ ఆడే ఆట ఇది. నాలుగున్నరేళ్లు వచ్చాక మీ పేపరు మొదటి పేజీ చేతికిచ్చి, పెద్ద హెడ్డింగుల్లో ‘మ’ ఎక్కడుందో క్రేయాన్‌తో చుట్టమనండి. తలకట్టున్న ‘మ’ని చుట్టి, ‘మా’ దగ్గర ఆగి ‘ఇదీ అదేనా?’ అని అడిగిందంటే గుణింతానికి దారి పడ్డట్టే. తెలుగు ఇలా నిలిస్తే ఇంగ్లిష్ ఆలస్యమైనా నష్టం లేదు. ‘గుంటడికి ఏబీసీడీలు కూడా రావా?’ అని చుట్టాలు అడుగుతారు, అడగనివ్వండి.

లెక్కకి వంద దాకా అప్పజెప్పడం అక్కర్లేదు. ఇంట్లో ఐదుగురుంటే ఐదు కంచాలు తెచ్చి పెట్టడం లెక్క. సోలతో ధాన్యం పోసి తవ్వ నింపితే రెండు సోలలు పట్టాయని కళ్లారా చూడటం అసలైన లెక్క. లెక్కపెట్టడానికి చింతపిక్కలు శ్రేష్ఠం, అదీ పెద్దవాళ్లు పక్కనుంటేనే, ఆట కాగానే డబ్బాలోకి. గురివిందగింజలు ఎంత ముద్దుగా ఉన్నా ఇంట్లోకి రానివ్వద్దు, నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఆముదం గింజలదీ అదే దారి. పలాస, ఉద్దానం వైపు పచ్చి జీడిపిక్కలు ఇంటింటా ఉంటాయి. వాటి పెంకులోని నూనె చేతులు, పెదవులు పొక్కేలా చేస్తుంది, వాటితో ఆట వద్దు.

వాక్యం నేర్పడానికి పీరియడ్ పెట్టేవాళ్లు ద్వితీయోపదేశకాండము 6:7 ఒకసారి చూడాలి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమనే అక్కడుంది. రెండు వారాలకి ఒక్క కథ చాలు. పాత బైబిలు తెలుగు ఈ వయసుకి అందదు గనక కథని మన మాటల్లో చెప్పి, కంఠతకి ‘దేవుడు ప్రేమాస్వరూపి’ లాంటి చిన్న మాట ఇవ్వాలి. మోషే కథలో తల్లి జమ్ముపెట్టెకి కీలు (తారు లాంటిది) పూస్తుంది. ఎందుకు పూసింది? రెండు చిన్న అట్టపెట్టెలు తీసుకుని ఒకదానికి అడుగున, అంచుల్లో కొవ్వొత్తి బాగా రుద్ది, రెండిట్నీ బేసిన్‌లో వదలండి. రుద్దనిది ముందు నాని కుంగుతుంది. అడుగు మడతల్లో మైనం సరిగా పట్టకపోతే రెండూ ఒకేలా మునుగుతాయి, అక్కడ ఒత్తి రుద్దాలి. జానెడు లోతు నీళ్లయినా సరే, బిడ్డని వదిలి పక్కకి వెళ్లకూడదు. ఇంకొక్క మాట: ‘అల్లరి చేస్తే యేసయ్య కొడతాడు’ అనడం మానేయాలి. అన్నం తినిపించడానికి దేవుణ్ణి బూచిగా వాడితే, తర్వాత ఎన్ని వాక్యాలు నేర్పినా ఆ భయం పోదు.

బైబిలు కథల వీడియోలూ ఫోనే. ఈ వయసుకి అన్నీ కలిపి రోజుకి గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను ఇవ్వడం కంటే తోడు వెతకడం మేలు. సండే స్కూల్లో పెద్దపిల్లల మధ్య చేతులు కట్టుకు కూర్చునే గంట తోడు కిందకి రాదు. వారంలో రెండు పూటలు ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి ఆడాలి, కొట్టుకోవాలి, సర్దుకోవాలి. వాళ్లంతా మన సంఘం పిల్లలే కానక్కర్లేదు, వీధిలోవాళ్లతో కలవనివ్వండి.

ఇంటి చదువులో పెద్ద లోటు ఆరోగ్యం దగ్గరే వస్తుంది. మాట సరిగా రాకపోయినా, చెవి సరిగా వినబడకపోయినా బడిలో టీచరు పట్టేస్తుంది. ఇంట్లో ముద్దుమాటలని వదిలేస్తారు. మూడేళ్లకి మూడు మాటల వాక్యం రాకపోయినా, బయటివాళ్లకి ఆ మాట అర్థం కాకపోయినా డాక్టరుకి చూపించాలి. ఇంట్లో చదివినా అంగన్‌వాడీలో పేరు ఉండనివ్వండి. ఎత్తు, బరువు చూసేది, ఆరు నెలలకోసారి ఐదేళ్ల దాకా విటమిన్-ఎ వేసేది, ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లు వచ్చి పరీక్షించేది అక్కడే. ఐదేళ్లు దాటగానే డీపీటీ టీకా రెండో బూస్టరు ఉంటుంది, బడికి వెళ్లని పిల్లలకి దాన్ని గుర్తుచేసేవారుండరు.

చివరిగా మీ పత్రికకో విన్నపం. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తారు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ, బడిలో పేరు లేకపోయినా, అంగన్‌వాడీలో ఇస్తారు. ఆ సంగతి ముందురోజు జిల్లా పేజీలో వేయండి. ఆ రోజు తప్పినవాళ్లకి మళ్లీ ఎప్పుడు వేస్తారో కూడా పక్కనే ఇస్తే ఇంట్లో చదివే పిల్లల తల్లులకి తెలుస్తుంది.

ఇట్లు,
కొందరు సండే స్కూల్ ఉపాధ్యాయినులు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా