రాత్రి పదకొండుంపావుకి ల్యాండ్‌లైన్ మోగింది

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ సగంలో ఆఫీసు నుంచి ఫోను. ఇవాళ మాత్రం నీకు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. ఇంట్లో అంతా బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి అలాగే ఉంది, చిన్నదానికి పదో తరగతి ట్యూషన్లు, ఇంటి ఓనరు అద్దె మళ్ళీ పెంచాడు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. మీ బళ్ళో ఆ పెంకుల గది బాగు చేశారా? సరే, అవన్నీ తర్వాత.

గురువారం రాత్రి మా ఛానల్ న్యూస్ డెస్కులో జరిగింది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. 2009 డిసెంబర్ 25న నా పక్క కుర్చీలో కూర్చున్నది నువ్వు కాబట్టి.

నాది రాత్రి షిఫ్టు. ఎనిమిదిన్నరకి ఒక జిల్లా విలేకరి, మన స్ట్రింగర్, వాట్సాప్‌లో క్లిప్ పంపాడు. నలభై సెకన్లు. ఒక నాయకుడు, ఒకావిడ, ఏదో గది. ఆయన పేరూ పార్టీ ఇందులో రాయను, నేను చెప్పబోయేదానికి వాటితో పని లేదు. పది నిమిషాల్లో అవుట్‌పుట్ మొత్తం ఒకే మానిటర్ చుట్టూ చేరింది. ఆ చేరడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. మెడలు ముందుకు సాచి, ఒకడు టీ కప్పు పట్టుకుని, ఇంకొకడు ‘సౌండ్ పెంచు’ అంటూ. టైటిల్ ఏం పెడదామని ఎవరూ అడగను కూడా అడగలేదు. అందరి నోటా ఒకటే మాట: ‘ఓ నేత రాసలీలలు’. రెండు నిమిషాల్లో బ్రేకింగ్ ప్లేట్ సిద్ధం.

లీగల్ చూసే లాయరుగారికి ఫోన్ చేశారు. నాయకుడి వివరణ వచ్చేదాకా ఆయన ముఖం కనబడనివ్వొద్దు, పరువు నష్టం దావా వేస్తాడు, బ్లర్ వేయండి అన్నారాయన. ఎడిట్ బేలో ఉన్న కుర్రాడు కొత్తవాడు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆయన తల తిప్పితే బ్లర్ కూడా తిరిగేలా, ఒక్క ఫ్రేములో కూడా చెవి తమ్మె బయటపడకుండా, ఎంత శ్రద్ధగా చేశాడో! ఆమె ముఖం మీద ఏమీ వేయలేదు. వేయమని ఎవరూ చెప్పలేదు. ఆ ముఖం ముక్కుపుడకతో సహా అద్దంలో చూసినట్టు కనబడుతోంది. నేను రన్‌డౌన్, అదే బులెటిన్‌లో వార్తల వరస, సర్దే పనిలో ఉన్నాను. నా కళ్ళముందు నుంచే వెళ్ళింది సీనూ, నేనూ పట్టించుకోలేదు.

తొమ్మిదింటి బులెటిన్‌లో వేశారు. ఆ తర్వాత లూపులో తిరుగుతూనే ఉంది.

పదకొండుంపావుకి అసైన్‌మెంట్ టేబుల్ మీద ల్యాండ్‌లైన్ మోగింది. ఆ ఫోను ఇంకా ఉంది, నీ మూడో చాయ్ ఒలికిన మరక కూడా అలాగే ఉంది. ఎవరూ ఎత్తకపోతే నేను ఎత్తాను. ఒకావిడ గొంతు. ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

‘అన్నా, టీవీల నా మొఖం తీసెయ్యిండ్రి.’

ముందు నాకు అర్థం కాలేదు. ఎవరమ్మా అన్నాను. పేరు చెప్పలేదు. ‘గా వీడియోల ఉన్నది నేనే. పొద్దుగాల నా బిడ్డ బడికి వోవాలె. ఆయన మొఖం దాచిన్రు గదన్నా, నాది గూడ దాస్తె ఏం పోతుండె మీకు?’

ఏం చెప్పాలిరా దానికి? ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇంత సూటిగా ఎవరూ నన్ను ప్రశ్న అడగలేదు. చెప్పడానికి జవాబు లేదు. ‘ఒక్క నిమిషం అమ్మా’ అని రిసీవరు టేబుల్ మీద పెట్టి ప్రసారం నడిపే పీసీఆర్ గదిలోకి పరిగెత్తాను. వచ్చి చూసేసరికి లైను కట్ అయిపోయింది. నంబరు కూడా రాసుకోలేదు. పాత ఫోను కదా, నంబరు చూపించదు.

లోపల జరిగింది చెప్తాను. మా షిఫ్టు ఇంచార్జి, నీకు తెలిసినవాడు కాదులే, ‘ఆవిడ ఇష్టపడే వెళ్ళింది కదా, మనకెందుకు టెన్షన్’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మన చట్టంలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ తీసి అతని ముందు పెట్టాను. వీడియో తీయడానికి ఆమె ఒప్పుకున్నా సరే, పదిమందికి చూపించడానికి ఒప్పుకోకపోతే, చూపించినవాడిది నేరమే. అంతకుముందు ఐపీసీలో 354సి ఉండేదే, అదే. దానికి తోడు ఐటీ చట్టం 67ఎ, మొదటిసారికే అయిదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. జరిమానా అనేసరికి అతను లాయరుగారికి మళ్ళీ ఫోన్ చేశాడు. బిడ్డ బడికి వెళ్ళాలన్నమాటకి కదలనివాడు పది లక్షలకి కదిలాడు. పదకొండు నలభైకి ఆమె ముఖం మీద కూడా బ్లర్ పడింది.

అయితే యూట్యూబ్‌లో అలాగే ఉంది. థంబ్‌నెయిల్‌లో ఆమె ముఖం చుట్టూ ఎర్ర గీత గుండ్రంగా చుట్టి, పక్కన బాణం గుర్తు. కింద కామెంట్లు చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఆయన్ని తిట్టినవాళ్ళు పదిమందిలో ఒకరు. మిగతా అందరూ ఆమెనే. ఆమె కులం ఏమిటని, ఊరేదని, రేటెంతని. ఊరు కనుక్కున్నామని ఇద్దరు రాశారు కూడా. డిజిటల్ కుర్రాడు సిగరెట్‌కి కిందికి వెళ్ళాడు, సిస్టమ్ తెరిచే ఉంది. పన్నెండుంబావుకి నేనే ఆ వీడియో డిలీట్ చేశాను. ఎవరినీ అడగలేదు.

శుక్రవారం మెమో ఇచ్చారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

శుక్రవారం పొద్దున ఇంటికొచ్చేసరికి మా వీధి కూడా మా డెస్కులాగే ఉంది. ఇస్త్రీ బండి దగ్గర ‘సార్, రాత్రి మీ టీవీలోదే కదా, ఫుల్ వీడియో ఉందా?’ అన్నారు. చిక్కడపల్లి లైబ్రరీ ఎదురుగా చాయ్ తాగుతుంటే గ్రూప్స్‌కి చదివే పిల్లలు కూడా అదే అడిగారు. పై అంతస్తులో ఉండే రిటైరైన పెద్దాయన, రోజూ సుందరకాండ పారాయణ చేస్తారు, లిఫ్టులో గొంతు తగ్గించి అదే అడిగారు. అడిగాక ఆయనే మళ్ళీ ‘ఈ కాలం ఆడవాళ్ళకి సిగ్గు లేదండీ’ అన్నారు. ఆ రెండు మాటలూ ఒకే నోటి నుంచి, రెండో అంతస్తు దాటేలోపే. ఆ వీడియో ఎవరు తీశారు, ఎవరు బయట పెట్టారు, ఎన్నికలు దగ్గరికొచ్చాకే ఎందుకొచ్చింది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకు 2009 గుర్తొస్తూనే ఉంది. డిసెంబర్ 9న తెలంగాణ ప్రకటన, 23న మళ్ళీ వెనక్కి తగ్గడం, ఉస్మానియాలో పిల్లలు రోడ్ల మీద. మనం మూడు రోజులు ఆఫీసులోనే పడుకున్నాం. అలాంటి వేళ క్రిస్మస్ నాడు అప్పటి గవర్నర్ ఎన్.డి. తివారీ వీడియో అంటూ ఒక ఛానల్‌లో వచ్చింది. హైకోర్టు ప్రసారం ఆపమంది. అది కల్పితం అన్నారాయన. మర్నాడే, 26న, ఆరోగ్య కారణాలని చెప్పి రాజీనామా. ఆ రాత్రి మనం ఎన్ని జోకులు వేసుకున్నాం, నీకు గుర్తుందా? నువ్వు ఒక్కడివే నవ్వలేదు. ‘ఆ ఆడవాళ్ళు ఎవర్రా, ఎక్కడి నుంచి తెచ్చారు, వాళ్ళేమయ్యారు?’ అన్నావు. నేను ఇంకో జోకు వేసి నీ మాట కొట్టేశాను. ఇప్పుడు చెప్తున్నా, అప్పుడు నువ్వే సరిగ్గా చూశావు. వాళ్ళేమయ్యారో నాకు ఇవాళ్టికీ తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నించనూ లేదు.

అదే తివారీ మీద ఢిల్లీ హైకోర్టులో అంతకు ఏడాది ముందే రోహిత్ శేఖర్ కేసు వేశాడు, నువ్వు మా తండ్రివని ఒప్పుకో అని. డీఎన్ఏ పరీక్షకి రక్తం ఇవ్వనని ఆయన ఎంత సాగదీశారో. 2012లో ఫలితం వచ్చింది, తండ్రి ఆయనే. 2014లో కొడుకుగా ఒప్పుకున్నారు. ఒక తల్లీ కొడుకూ పరువు పణంగా పెట్టి అన్నేళ్ళు కోర్టు మెట్లు ఎక్కిన కథ. దానికి మా బులెటిన్‌లో ఎంత చోటిచ్చామో తెలుసా? నలభై అయిదు సెకన్లు. రాసింది నేనే కాబట్టి గుర్తుంది.

మీ తాతగారు అరుగు మీద కూర్చుని 1978 ‘సూర్య’ పత్రిక సంగతి చెప్పేవారు చూడు. అప్పటి రక్షణమంత్రి జగ్జీవన్ రామ్ కొడుకు ఒక అమ్మాయితో ఉన్న ఫొటోలు మేనకా గాంధీ పత్రికలో వేస్తే, తండ్రికి ప్రధాని పదవి అందకుండా పోవడానికి అదీ ఒక కారణమైందని. ఆయన ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా జగ్జీవన్ రామ్ కోసమే బాధపడేవారు. ఆ ఫొటోల్లో ఒక అమ్మాయి కూడా ఉందిరా. ఇప్పుడు తట్టింది నాకు.

బయటి దేశాల్లోనూ ఇంతే అనుకో. బ్రిటన్ యుద్ధమంత్రి ప్రొఫ్యూమో క్రిస్టీన్ కీలర్ అనే అమ్మాయితో సంబంధం గురించి 1963లో పార్లమెంటుకి అబద్ధం చెప్పి రాజీనామా చేశాడు. తర్వాత లండన్‌లో సేవ చేసుకుంటూ గౌరవం తిరిగి సంపాదించుకున్నాడు, 1975లో రాణి నుంచి బిరుదు కూడా. కీలర్ జైలుకెళ్ళింది, చనిపోయేదాకా ఆ ఒక్క పేరే మోసింది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని 1998 డిసెంబర్‌లో అభిశంసిస్తే గాలప్ సర్వేలో ఆయనకి మద్దతు 73 శాతానికి పెరిగింది. పదవీకాలం నిండా ఉండి దిగాడు. ఆయనతో సంబంధం ఉన్న మోనికా లెవిన్‌స్కీ అప్పటికి పాతికేళ్ళ పిల్ల. జనం ఆయన్ని క్షమించడం నాకు తప్పనిపించదు సీనూ, ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య సంగతి వాళ్ళదే. 2018లో మన సుప్రీంకోర్టు కూడా వివాహేతర సంబంధం నేరం కాదంది కదా. కానీ ఆ క్షమ మోనికా దాకా ఎందుకు రాలేదు? ఏళ్ళ తరబడి ఉద్యోగం ఇవ్వడానికి కూడా జంకారు ఆమెకి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ ‘రాసలీలలు’ అనే మాట. 2024లో కర్ణాటకలోని హాసన్‌లో పెన్‌డ్రైవ్‌లు పంచారు చూడు, పోలింగ్‌కి ముందు. అక్కడి అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ కేసు. ఆ వీడియోల్లో ఆడవాళ్ళ ముఖాలు దాచలేదు. బస్టాండుల్లో, పార్కుల్లో ఎవరికి పడితే వాళ్ళకి దొరికాయి. ముఖం చూపించలేక ఊళ్ళు వదిలి వెళ్ళిపోయారు కొందరు. 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక కోర్టు అది అత్యాచారమని తేల్చి అతనికి జీవితఖైదు వేసింది. వాళ్ళ ఇంట్లో పనిచేసిన ఆవిడ కేసులో. మరి ఆ మొదటి వారంలో మా స్క్రోలింగ్‌లో ఏమని వెళ్ళింది? రాసలీలలు! అత్యాచారానికీ అదే మాట, ఇష్టపడి కలిసినా అదే మాట, ఉద్యోగం ఆశ చూపి లొంగదీసుకున్నా అదే మాట. ఆ మాట పెట్టగానే జనం నవ్వుతూ చూడటానికి కూర్చుంటారు. అసలు గురువారం క్లిప్‌లో ఉన్నది ఈ మూడింటిలో ఏదో మా డెస్కులో ఎవరికీ తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. ఆమె గొంతు విన్నవాణ్ణి నేను, నాకూ తెలియదు. ఒకవేళ ఆమె…

వద్దులే. ఊహించి రాయను.

నిన్న పోలీసుల షీ టీమ్స్‌లో పనిచేసే ఒకాయన్ని కలిసి అడిగాను. ఆమెగానీ ఆమె తరపున ఎవరైనాగానీ ఫిర్యాదు చేస్తే గంటల వ్యవధిలోనే సైట్లవాళ్ళు అలాంటి వీడియో తీసేయాలట, 2021 ఐటీ రూల్స్‌లోనే ఉందట. నాకు తెలియదు ఈ సంగతి. తెలిసుంటే ఆ ఫోన్లోనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెబుదామంటే ఆమె నంబరు లేదు. మేం తీసేసినా అప్పటికే ఇంకో నాలుగు చోట్ల వాళ్ళ లోగోలతో తిరుగుతోంది, ఒక్కొక్కటీ నేనే రిపోర్ట్ కొడుతున్నాను. రెండు పోయాయి, రెండు ఉన్నాయి. ఆ జిల్లా స్ట్రింగర్‌ని ఆమె వివరాలు అడిగితే ఇంటర్వ్యూ కోసం అనుకుని హుషారుగా ‘కనుక్కుంటానన్నా’ అన్నాడు. వెంటనే వద్దన్నాను. వాడు వెళ్ళి ఆ ఇంటి తలుపు కొడితే ఇంకేమైనా ఉందా!

మెమోకి రేపు సాయంత్రంలోగా జవాబివ్వాలి. అనుమతి లేకుండా సంస్థ ఆస్తిని తొలగించారు అని రాశారు. సంస్థ ఆస్తి అట, ఆమె ముఖం. క్షమాపణ రాసిస్తే సరిపోతుందని హెచ్‌ఆర్ చెప్పింది. మీ వదిన మాత్రం ఒక్క ముక్క కూడా క్షమాపణ అని రాయకండి, పోతే పోయింది ఉద్యోగం అంటోంది. చిన్నదాని ఫీజు డిసెంబర్‌లో కట్టాలి, అదీ ఉంది. నువ్వు ఈ ఉద్యోగం వదిలిన రోజు రాజీనామా ఎలా రాశావురా, ఆ కాగితం నీ దగ్గర ఇంకా ఉందా? ఉంటే ఫొటో తీసి పంపు. నేను జవాబు సగం రాశాను, మొదటి వాక్యమే కుదరడం లేదు. ‘ఆ రాత్రి పదకొండుంపావుకి ఒక ఫోన్ వచ్చింది’ అని మొదలుపెడితే

క్యాబ్ వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. ఆదివారం కూడా డ్యూటీ వేశారు. దారిలో పోస్టులో వేసేస్తాను. ఫొటో మర్చిపోకు.

నీ
రఘు