చిన్నవాడి దాహం సంగతి

బర్మింగ్‌హామ్

పూజ్యులైన అన్నయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

వదిన ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసంతా చిన్నవాడి మీదే ఉంది. రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేస్తున్నాడని, లేచినప్పుడల్లా చెంబెడు నీళ్లు తాగుతున్నాడని, ఏడాదిగా పొడవు పెరగలేదని ఆమె అన్నారు. షుగర్ లేదు కనుక అది అలవాటేనని అక్కడ చెప్పారట. పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్న నేను ఆ మాటతో సరిపెట్టుకోలేను.

మూత్రాన్ని అదుపు చేసే హార్మోను మెదడులో తయారై, సన్నని కాడ గుండా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వెనుక భాగానికి చేరుతుంది. ఆ దారి దెబ్బతింటే ఎంత తాగినా దాహం తీరదు. దీనికి క్యాన్సర్ కాని కారణాలు ఎన్నో ఉన్నాయి, ముందే భయపడకండి. కానీ జెర్మినోమా అనే అరుదైన క్యాన్సర్ కణితి పిల్లల్లో, యౌవనంలో అడుగుపెడుతున్న వారిలో ఆ చోట పుడుతుంది. జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల్లో ఇది మరికాస్త ఎక్కువ. దాహం మొదలైన ఎన్నో నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు గానీ ఇది స్కానులో బయటపడకపోవచ్చు. అందువల్ల మొదటి ఎంఆర్ఐ బాగున్నా అంతటితో వదిలేయకుండా, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ తీయించాలి.

ఈ వారమే విశాఖలో పిల్లల హార్మోన్ల డాక్టరుకు చూపించండి. రక్తంలో సోడియం, మూత్రం చిక్కదనం, మిగిలిన పిట్యూటరీ హార్మోనులు, కంటికి పక్కల ఉన్నవి కనిపించే చూపు అన్నీ పరీక్షించాలి. నీళ్లు ఆపితే ఏమవుతుందో ఇంట్లో మాత్రం ఎన్నడూ చూడవద్దు. ఆ పరీక్ష ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్లెదుట జరగవలసిందే, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

స్కానులో ఆ పిట్యూటరీ కాడ లావెక్కినట్టు కనిపిస్తే, ఆపరేషను మాట ఎత్తకముందే రక్తంలోను, వెన్నులోంచి తీసిన నీటిలోను ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే, కొన్ని కణితుల్లో పెరిగే పదార్థాలను చూడమని అడగండి. జెర్మినోమాలో ఏఎఫ్‌పీ పెరగదు, రెండోది కూడా మామూలుగానే ఉండవచ్చు. అప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షిస్తే గానీ నిర్ధారణ కాదు. వెన్నెముక మొత్తానికీ ఎంఆర్ఐ తీయాలి. జెర్మినోమాయే అని తేలితే కణితినంతా కోసి తీయనక్కరలేదు. అది రేడియేషనుకు కరిగిపోతుంది, సరైన చికిత్స అందితే నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు.

బడిలో ఏటేటా రాసిన వాడి పొడవు లెక్కలు డాక్టరుకు చూపించండి. స్కాను సీడీ చేతికి రాగానే నాకు పంపండి.

ఇట్లు,
మీ తమ్ముడు