చంద్రగిరి కోట దగ్గర మా అమ్మను ఆదుకున్న అందరికీ

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఒక పల్లె. తిరుపతికి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చామో లెక్కలేదు. రైలు దిగడం, కొండెక్కడం, దర్శనం, లడ్డూలు, మళ్ళీ రైలు. కింద ఉన్న ఊరిని ఎప్పుడూ చూడలేదు. మొన్న దసరా సెలవుల్లో దర్శనం అయ్యాక రాత్రి రైలు దాకా ఒక పగలంతా మిగిలింది. "చంద్రగిరి కోట చూద్దామే" అంది అమ్మ. తిరుపతి నుంచి 15 కిలోమీటర్ల లోపే, బస్సులో వెళ్ళాం.

కోటలో మనవణ్ణి వెంటబెట్టుకుని తిరుగుతున్న ఒక రిటైర్డ్ మాస్టారు మమ్మల్ని చూసి తనే పలకరించారు. మూడంతస్తుల రాజమహల్‌ని కర్ర అనేది వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారని చూపించారు. ఇంగ్లీషువాళ్ళకు మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటు దొరికింది 1639లో, ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే అని చెప్పారు. అమ్మ చదివింది అయిదో తరగతే, కానీ ఆమె అడిగిన ప్రతిదానికీ ఆయన నిలబడి ఓపిగ్గా జవాబిచ్చారు.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర అమ్మ కాలు జారింది. చీలమండ అక్కడికక్కడే వాచిపోయింది. అమ్మకు షుగర్, మధ్యాహ్నం మాత్ర వేసుకునే టైం దాటిపోయింది, నేను ఒక్కదాన్నే. టెన్షన్‌తో నాకు చేతులు వణికాయి.

బయట సీతాఫలాలు అమ్ముకుంటున్న అవ్వ (మా వైపు మామ్మ అంటాం) గంపను అలాగే వదిలేసి వచ్చింది. భుజం మీది తువ్వాలు తడిపి అమ్మ కాలికి చుట్టింది. "భయపడాకు అమ్మణ్ణీ" అని నాతో అంటూనే, తను తినడానికి తెచ్చుకున్న టిఫిన్ గిన్నె తీసింది. రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి (పచ్చడి). "కడుపులో ఏమీ లేకుండా మాత్ర ఎట్లా మింగుతాది?" అని అమ్మకు దగ్గరుండి తినిపించింది. ఆ పూట ఆమె ఏం తిన్నదో నాకు తెలియదు. ఆ కంగారులో అడగాలని తోచలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

మాస్టారు ఆటోను పిలిచారు. అక్కడే ఉన్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు అమ్మను ఎత్తి కూర్చోబెట్టారు. ఆటో అన్న తిరుపతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, నేను అమ్మ దగ్గర ఉంటే తనే చీటీ రాయించి, ఎక్స్‌రే అయ్యేదాకా, మందులు తెచ్చేదాకా దాదాపు రెండు గంటలు ఉన్నాడు. ఎముక విరగలేదు, బెణికిందంతే. ముందు మాట్లాడుకున్న కిరాయి తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు. "ఆస్పత్రి కాడ నిలబడినదానికి కిరాయేందక్కా" అన్నాడు.

గోవిందరాజస్వామి గుడి చూడకుండానే పోతున్నామని అమ్మ ఆటోలో బాధపడింది. స్టేషన్‌కు దగ్గరే కదా అని ఆటో అన్న బండిని అటు తిప్పి, పెద్ద గోపురం కనిపించేచోట ఆపాడు. రామానుజాచార్యులు 1130లో ప్రతిష్ఠించారని చెప్పుకునే గుడి అది. తమ్ముడు వేంకటేశ్వరుడి పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చడానికి డబ్బు కొలిచీ కొలిచీ అలసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని గోవిందరాజులు పడుకున్నాడట. సొంత ఇంట్లో అన్నదమ్ముల సంగతి చెప్పినట్టు చెప్పాడు. అమ్మ ఆటోలో కూర్చునే దణ్ణం పెట్టుకుంది. కాలు నొప్పి మొదలయ్యాక ఆమె ముఖంలో నవ్వు చూసింది అప్పుడే.

స్టేషన్‌లో అమ్మను బెర్త్ దాకా చేర్చి, "మేలో గంగమ్మ జాతరకు రాండి. మావాడు ఏటా వేషం కడతాడు" అని చెప్పి వెళ్ళాడు. హడావిడిలో ఎవరి పేరూ, ఫోన్ నంబరూ తీసుకోలేదు.

మాస్టారూ, అవ్వా, అన్నా, తమ్ముళ్ళూ, మీ అందరికీ మా కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కారం. చంద్రగిరి, తిరుపతివాళ్ళు ఎవరైనా ఇది చదివి వాళ్ళను గుర్తుపడితే, దయచేసి ఈ మాటలు వినిపించండి. అవ్వకు చదువు రాకపోతే చదివి చెప్పండి. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. అవ్వ తువ్వాలు ఉతికి మడతపెట్టి ఉంచింది. జాతరకు వస్తున్నాం. అప్పటికి మా తోటలో జీడిపిక్కలు దిగుతాయి, పప్పు తీసి మీ అందరికీ తెస్తానని అమ్మ ఇప్పటి నుంచే లెక్కలు వేసుకుంటోంది.